కొమురవ్వ లయ

దిగువూరులో ఆరు గంటలకు దీపాలు ఎర్రబారితే తెల్లవారినట్టు. ఆరున్నరకు పసుపు రంగు, ఏడింటికి తెలుపు. గోదావరి ఒడ్డున ఉన్న పాత బొగ్గుగని సొరంగాలను వెడల్పు చేసి, నేలకు మూడు వందల మీటర్ల లోతున కట్టిన ఊరది. పైన ఏడాదికి తొమ్మిది నెలలు ఎండకు మనిషి నిలబడలేని రోజులొచ్చాక, పదకొండేళ్ల కిందట నాలుగు వేల మంది ఆ లోతుకు దిగారు. కిరాణా కొట్లు, బడి, దర్జీ దుకాణాలు, గొర్రెల దొడ్డి అన్నీ వాళ్లతోపాటే దిగాయి. ఊరికి రాకపోకలన్నీ ఒక్క లిఫ్టు మీదే. దాని ఇనుప గేటు బడి ముందున్న మైదానంలోకి తెరుచుకుంటుంది.

పైనుంచి వచ్చినవాళ్లు రెండు మూడు నెలల్లో కింది బతుక్కి అలవాటు పడ్డారు. ఇక్కడ పుట్టినవాటికే ఇక్కట్లు వచ్చాయి.

ముందు గొర్రెపిల్లల్లో కనిపించింది. పుట్టిన పది రోజుల వరకు బాగానే ఉండేవి. తర్వాత నిద్రకూ మెలకువకూ తేడా పోయేది. ఎప్పుడు చూసినా కళ్లు సగం మూసుకుని గోడకు ఆనుకుని నిలబడేవి. పాలు తాగడం మరిచిపోయేవి. నెల తిరిగేసరికి పదింటిలో ఏడు చచ్చిపోయేవి. కోసి చూస్తే ఏ రోగమూ లేదు.

కారణం కనిపెట్టింది డాక్టర్ వకుళ. ఆమె జంతు శరీరధర్మ శాస్త్రవేత్త. నలభై ఆరేళ్ల మనిషి, తక్కువ మాట్లాడుతుంది. బడి పక్క సొరంగంలో ఆమె ప్రయోగశాల. పరికరాలు తయారుచేసే ఇంజనీరు ఇలియాస్ ఒక్కడే ఆమెకు తోడు.

ఆమె కనిపెట్టిన సంగతి ఇది. ఒంట్లో గ్రంథులకు వేళ తెలియదు. మెదడులోని పీనియల్ గ్రంథి చీకటి పడగానే మెలటోనిన్ వదలాలి, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథి తెల్లవారేసరికి కార్టిసాల్ వదలాలి. కానీ చీకటి పడిందనీ తెల్లవారిందనీ వాటికి చెప్పేది నాడులే. మెడలో, దవడ కింద చిక్కుడు గింజంత నాడీముడి ఒకటుంటుంది. అందులోంచి బయల్దేరిన సన్నని పోగులు పైకి పాకి పీనియల్‌ను చేరతాయి. ఇంకొక నాడి పొట్టలోంచి అడ్రినల్‌కు వెళుతుంది. అప్పుడే పుట్టిన పిల్లలో ఈ పోగులు ఇంకా పూర్తిగా చేరవు. అంతవరకు తల్లి రక్తంలోంచి, పాలలోంచి వచ్చిన వేళలతోనే పిల్ల నెట్టుకొస్తుంది. ఆ తర్వాత దాని నాడులే వేళ చెప్పాలి. పైలోకంలో ఆ నాడులను సూర్యుడు మేల్కొలిపేవాడు. తిరుగుతున్న గడియారాన్ని తిప్పుతూ ఉండటానికి దిగువూరు దీపాలు చాలాయి. ఇంకా మొదలే కాని గడియారాన్ని కదిలించడానికి చాలలేదు.

"అయితే మనమే కదిలిద్దాం," అంది వకుళ.

ఇలియాస్ ఎనిమిది నెలలు కూర్చుని బియ్యపు గింజంత పరికరం తయారుచేశాడు. ఒక గింజ మెడలోని నాడీముడి పక్కన, ఇంకొకటి అడ్రినల్ నాడి పక్కన పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న ఒక జీవి నాడుల్లో రోజంతా పుట్టే సంకేతాలను ముందుగా నమోదు చేసి, వాటినే పసినాడులకు వినిపిస్తాయి ఆ గింజలు. దానికి 'లయకారి' అని పేరు పెట్టారు. ఎవరి నాడుల నుంచి నమోదు చేస్తారో ఆ జీవి 'మూలజీవి'. గొర్రెపిల్లలకు మూలజీవిగా పైన పుట్టిన ఒక ముసలి గొర్రెను తీసుకున్నారు. ఆ ఏడు పుట్టిన నలభై పిల్లల్లో ఒక్కటీ చావలేదు.

అదే ఏడు, అదే మగత ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరి, మనుషుల పిల్లల్లో ఐదుగురు పోయారు.

చివరి పాపను పూడ్చిన మర్నాడు తల్లిదండ్రులు ప్రయోగశాల గుమ్మం ముందు కూర్చున్నారు. మనుషుల మీద వాడటానికి ఇంకా మూడేళ్లు పరీక్షించాలని వకుళ చెప్పింది. మూడేళ్లకు మా పిల్లలుండరని ఒక తండ్రి అన్నాడు. ఆ రాత్రే ఆమె ఒప్పుకుంది. కింద పుట్టి బతికున్న ముప్పై ఒక్కమంది పిల్లలకు మూలజీవి కావాలని ఊళ్లో యాభై మందిని పరీక్షించారు. అందరిలోకీ చక్కని లయ గొర్రెల దొడ్డి చూసుకునే కొమురవ్వది. అరవై ఏళ్లు దాటినా పడుకున్న ఐదు నిమిషాల్లో నిద్ర, లేచిన ఐదు నిమిషాల్లో పని.

"నా నాడి పోరగాండ్లకు పెడ్తరా డాక్టరమ్మా?" కొమురవ్వ నవ్వింది. "పెట్టుండ్రి. నాకేం తక్కువైతది?"

రెండు నెలలు ఆమె నాడుల సంకేతాలు నమోదు చేశారు. తర్వాత పిల్లలకు గింజలు పెట్టారు. వారం తిరగకముందే దిగువూరులో మొదటిసారి పిల్లలందరూ పొద్దుపోయేసరికి పడుకున్నారు. తెల్లారి దీపాలు ఎర్రబారకముందే లేచి అన్నం అడిగారు. ఒక తల్లి వచ్చి వకుళ చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

పది నెలలు గడిచాయి. ఒకరోజు బడి నుంచి మార్తమ్మ టీచర్ వచ్చింది. చెప్పాలా వద్దా అని వెనకాడుతున్నట్టుంది.

"మేడమ్, పిల్లలు బాగనే ఉన్నరు. కానీ ఒక్కసారి మీరే వచ్చి చూడుండ్రి. మధ్యాహ్నం మూడింటికి."

వకుళ, ఇలియాస్ మూడుకు ఐదు నిమిషాలుండగా వెళ్లి మైదానం పక్కన నిలబడ్డారు. పిల్లలు మూడు నాలుగు గుంపులుగా ఆడుకుంటున్నారు. కొందరు గోళీలాట, కొందరు పరుగులు, ఒక మూల ఐదేళ్ల రవళి ఇంకో పాపకు జడ వేస్తోంది. ఎవరి గోల వారిది.

మూడూ పదికి గోల ఆగింది.

ఎవరూ ఆపమనలేదు. గంట మోగలేదు. పరిగెడుతున్నవాడు పరుగు మధ్యలో నిలిచిపోయాడు. రవళి చేతుల్లో జడపాయలు అలాగే ఉన్నాయి. ముప్పై ఒక్క తలలు ఒకేసారి లిఫ్టు గేటు వైపు తిరిగాయి. రెండేళ్ల పిల్లలు కూడా చూస్తున్నారు. మెడలు కొంచెం ముందుకు చాచి, పెదవులు కొద్దిగా తెరుచుకుని, రెప్ప వేయకుండా. గాలిపంకాల రొద తప్ప ఊళ్లో ఇంకే చప్పుడూ లేదు. నాలుగు నిమిషాలు అలా గడిచాయి. తర్వాత ఒక్కొక్కరే తల దించుకుని ఆటలోకి వెళ్లారు. ఆట మొదలయిందే గాని ఇందాకటి ఊపు లేదు.

"ఎన్నాళ్లుగా ఇలా?" అంది వకుళ.

"నేను గమనించి నెల. రోజూ ఇదే టైమ్. సెలవు రోజు ఇండ్లల్ల సుత ఇట్లనే అంట. అన్నం తింటున్నోళ్లు ముద్ద చేతిల పట్టుకొని గేటు దిక్కు మళ్లుతరంట."

వకుళ రవళి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఇందాక ఏం చూశావమ్మా?"

"ఏం లేదు."

"మరి అటెందుకు చూశావు?"

పాప కాసేపు ఆలోచించింది. "ఒస్తరేమో అని."

"ఎవరు?"

రవళికి తెలియలేదు. తెలియనందుకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కొమురవ్వ నమోదులన్నీ తెర మీద పరిచి చూశారు. అరవై రోజుల గీతలు. తెల్లవారుజామున కార్టిసాల్ సంకేతం కొండలా లేస్తుంది, పగలంతా వాలుగా దిగుతుంది. ఆ వాలులో, మూడూ పది దగ్గర, గోరంత ఎత్తు. మొదటిసారి చూసినప్పుడు యంత్రం చేసిన పొరపాటనుకుని వదిలేశారు. ఇప్పుడు లెక్కపెడితే అరవై రోజుల్లో అరవై సార్లూ ఉంది.

"కానీ మేడమ్, సంకేతం గ్రంథికే కదా వెళ్లేది," అన్నాడు ఇలియాస్. "లిఫ్టు వైపు చూడమని నాడి ఎట్ల చెప్తది?"

"నాడి ఆ మాట చెప్పదు. ఎవరో రావాలి అని మాత్రమే ఒంటికి అనిపిస్తుంది. ఈ ఊరికి మనుషులొచ్చే దారి ఒక్కటే ఉంది, ఇలియాస్."

మర్నాడు వకుళ దొడ్డికి వెళ్లింది. కొమురవ్వ గొర్రెలకు గడ్డి వేస్తోంది.

"కొమురవ్వా, మధ్యాహ్నం మూడూ పదికి నీకేమైనా అవుతుందా? గుండె దడ, చెమట పట్టడం, అలాంటిదేమైనా?"

"గదేం లేదు డాక్టరమ్మా. గప్పుడు తొట్లు కడుగుత. ఎందుకు?"

వకుళ జరిగింది చెప్పింది. కొమురవ్వ గడ్డిమోపు కింద పెట్టి, దాని మీదే కూర్చుంది.

"ఊరు తవ్వేటప్పుడు మా ఆయన గీడనే పని జేసిండు," అంది. "పొద్దుగాల ఏడుకు దిగేది, మూడూ పదికి లిఫ్టు పైకొచ్చేది. నేను గేటు కాడ నిలబడేదాన్ని. ఒకనాడు లిఫ్టొచ్చింది. గేటు తెరిసిండ్రు. అండ్ల మనిషి లేడు. కింద కప్పు కూలిందన్నరు. ఎనమండుగురు. తియ్యరాలేదు, గా సొరంగానికి గోడ కట్టిండ్రు." మోపులోంచి ఒక గడ్డిపోచ లాగి తుంచింది. "పద్నాలుగేండ్లాయె. మర్శిపోయిన డాక్టరమ్మా. ఒట్టు, మర్శిపోయిన. ఆయన మొకం సుత సక్కగ యాదికి రాదు."

ఆమె అబద్ధం ఆడటం లేదని వకుళకు తెలుసు.

"మీ గొర్రెపిల్లలు సుత గట్లనే," అంది కొమురవ్వ, కళ్లు తుడుచుకుని. "పొద్దుగాల తొమ్మిదిటికి అన్ని ఒక్క మూలకు గుంపైతయి. మీరు నాడి తీసుకున్న ముసలిదాన్ని పైన ఉన్నప్పుడు కుక్క ఈడ్సుకపోయింది, ఎంబడి పడి ఇడిపించినం. గా ఏళకే. దానికి యాదికున్నదో లేదో నాకేం ఎర్క? పిల్లలకైతే ఉన్నది."

వకుళ ముందుగా ఆ ఎత్తును చెరిపేద్దామనుకుంది. కంప్యూటర్‌లో ఆ నాలుగు నిమిషాలను నున్నగా చేసి, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలకు వినిపించింది. పదో రోజు దాటగానే అవి గోడకు ఆనుకుని నిలబడ్డాయి. ముందు పరీక్షించిన యాభై మంది లయలను కలిపి సగటు తీసి వినిపించింది. అవీ అంతే. పసినాడి నిజంగా బతికిన లయనే నేర్చుకుంటోంది. చేత్తో సరిచేసింది దానికి ఎక్కడం లేదు.

పిల్లల్లో గింజల్ని ఆపి చూసింది. ఆరుగురికి వారం రోజులు ఆపినా వాళ్లు వేళకు పడుకున్నారు, వేళకు లేచారు, వేళకు తిన్నారు. మూడూ పదికి గేటు వైపు చూశారు. నాడులు పాఠం పూర్తిగా నేర్చుకున్నాయి. ఇక నేర్పేవాడితో వాటికి పని లేదు. పసితనంలో నేర్చింది చెరగదు. ఆడపిల్లలు పెద్దయి తల్లులైతే అదే లయ రక్తంలోంచి కడుపులోని బిడ్డకు వెళుతుంది.

మిగిలిన దారి ఒక్కటే. ఏ గాయమూ లేని మనిషిని వెతకాలి. అప్పటికి గోదావరి వెంట ఇంకా పదకొండు ఊళ్లు భూమిలోకి దిగాయి. అక్కడా పిల్లలు పోతున్నారు. రెండు వేల మందికి లయ పంపమని ఉత్తరం మీద ఉత్తరం వస్తోంది. పంపిన లయ ఇక మారదు కాబట్టి మంచిదాన్ని పంపాలి.

నాలుగు నెలల్లో మూడు వందల పన్నెండు మందిని పరీక్షించారు. నవ్వుతూ తిరిగే టీ కొట్టతను, పాటలు పాడే నర్సు, ఏ దిగులూ లేదని ప్రమాణం చేసిన పంతులుగారు. ప్రతి గీతలోనూ ఎక్కడో ఒక చోట గోరంత ఎత్తు ఉంది. ఒకరికి ఉదయం ఎనిమిదికి, ఒకరికి సాయంత్రం ఆరుంబావుకు. ఏమిటని అడిగితే చాలామంది ఆశ్చర్యపోయారు. కొందరు లేచి వెళ్లిపోయారు. ఆ లయలు వినిపించిన గొర్రెపిల్లలు ఆ వేళకు బెదిరాయి, కుమ్ముకున్నాయి, మేత నుంచి మొహం తిప్పుకున్నాయి.

మూడు వందల పదమూడో మనిషిగా వకుళ తన నాడులే నమోదు చేయించుకుంది. పదకొండూ ఇరవై దగ్గర ఎత్తు ఉంది. మిగతావాళ్లందరి కంటే పెద్దది. ఆ లయ వినిపించిన గొర్రెపిల్లలు మూడు వారాలకు పదకొండూ ఇరవైకి ఒక పని చేశాయి. కాళ్లు ముడుచుకుని నేలకు అతుక్కుపోయాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాయి. ఊపిరి కూడా వినిపించకూడదన్నట్టు, ఒక్కటీ అరవలేదు. ఎవరో గదిలో వెతుకుతున్నారనీ, అటుగా వెళ్లేదాకా కదలకూడదనీ తెలిసినట్టు పడుకున్నాయి.

వకుళ వాటినే చూస్తూ నిలబడింది. అదేమిటో ఆమెకు తెలుసు. ఆమె వెళ్లి ఆ నమోదును తుడిచేసింది.

ఈలోగా ఊరు తన ఉపాయం తాను వెతుక్కుంది. ఒకరోజు పంకాల మరమ్మతుకు పైనుంచి వచ్చిన మెకానిక్కు సరిగ్గా మూడూ పదికి లిఫ్టులోంచి దిగాడు. ముప్పై ఒక్కమంది పిల్లలు అతన్ని చూసి, పట్టి ఉంచిన ఊపిరి వదిలి, నవ్వుతూ ఆటకు పరిగెత్తారు. వాళ్ల అడ్రినల్ నాడిలోని ఎత్తు కూడా రెండు నిమిషాల్లో దిగిందని వకుళ కొలిచి చూసింది. ఆ నెల నుంచి రోజుకొకరు రెండున్నరకు పైకి వెళ్లి, లిఫ్టు పైగేటు పక్కనున్న నీడగదిలో కూర్చుని, మూడూ పదికి కిందికి రావడం మొదలుపెట్టారు. మొదట్లో అదొక వంతు పని. రాను రాను మంచి చీర కట్టుకుని వెళ్లేవాళ్లూ, మిఠాయి పట్టుకొచ్చేవాళ్లూ తయారయ్యారు. ఈ వారం నా వంతంటే నా వంతని ఇద్దరు వాదులాడుకున్న రోజు కూడా ఉంది.

కొమురవ్వ మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. ఆ వేళకు మైదానం వైపు కూడా రాలేదు.

పదకొండు ఊళ్లకూ జవాబు ఇవ్వక తప్పని రోజు వచ్చింది. వకుళ సమ్మతి కాగితం పట్టుకుని దొడ్డికి వెళ్లింది.

"మూడు వందల మందిలో నీదే నయం, కొమురవ్వా. మిగతావి భయం, కోపం, అసహ్యం. నీది ఒట్టి ఎదురుచూపు. అది ఇచ్చి పంపితే పిల్లలు బతుకుతారు. కానీ నువ్వు ఒప్పుకుంటేనే."

కొమురవ్వ కాగితం ముట్టుకోలేదు. "నేనిచ్చిందేందో నాకే ఎర్కలేదు. ఒక్కపారి కండ్లార జూసి చెప్త. రేపు నన్ను తోలుండ్రి, లిఫ్టుల."

మర్నాడు రెండున్నరకు ఆమె పైకి వెళ్లింది. ఆమె మణికట్టుకు ఇలియాస్ కొలిచే పట్టీ కట్టాడు. వకుళ పిల్లల మధ్య నిలబడింది. మూడూ తొమ్మిదికి తాళ్లు కదిలిన చప్పుడు వినిపించింది. మూడూ పదికి గోల ఆగింది. తలలు తిరిగాయి. గేటు పక్కకు జరిగింది.

కొమురవ్వ నీలం చీర కట్టుకుని, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడి ఉంది. ముప్పై ఒక్క ముఖాలు ఆమె వైపే ఉన్నాయి. తన ముఖమే ముప్పై ఒక్కసార్లు చూస్తున్నట్టు ఆమె కదల్లేకపోయింది. గేటు బయట నిలబడ్డ ఆ చూపు ఎలా ఉంటుందో ఆమె లోపలి నుంచి ఎన్నడూ చూడలేదు.

పిల్లలు నవ్వలేదు. ఊపిరి వదల్లేదు. ఆటకు పరిగెత్తలేదు. మిగతా అందరి విషయంలో పనిచేసిన ఉపాయం ఈమె విషయంలో పనిచేయలేదు. తమలాగే ఎదురుచూస్తున్న మనిషి దిగింది గాని, రావలసిన మనిషి రాలేదు. ఒక్కొక్కరే మెడలు పక్కకు వంచి, ఆమె భుజం పక్కనుంచి, నడుము పక్కనుంచి, వెనక లిఫ్టులో ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు.

ఆ చూపులు ఎటు పోతున్నాయో తెలిసి కొమురవ్వ కూడా వెనక్కి తిరిగింది. ఖాళీ లిఫ్టులోకి చూస్తూ అలాగే ఉండిపోయింది. పిల్లలూ ఆమె కలిసి చూశారు. ఇలియాస్ చేతిలోని తెర మీద ముప్పై రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా లేచాయి. అతను తెర తిప్పి వకుళకు చూపించాడు. ఆమె చూడలేదు, గేటు వైపే చూస్తోంది.

రవళి ముందుకొచ్చి కొమురవ్వ కొంగు లాగింది. "అవ్వా, ఇంకెవరు రాలేదా?"

కొమురవ్వ కిందికి చూసింది. ఎవరూ రారని చెప్పడానికి నోరు తెరిచింది. పాప ముఖం చూసి ఆ మాట మింగింది.

"రేపొస్తడు బిడ్డా," అంది.

ఒక్కసారిగా ముప్పై ఒక్క గుండెల్లోంచి ఊపిరి బయటికొచ్చింది. పిల్లలు ఆటకు పరిగెత్తారు. కొమురవ్వ పెదవుల మీద చిన్న నవ్వు మొదలైంది. పద్నాలుగేళ్లలో ఆ మాట తనకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నమ్మేదాన్నేనని ఆమె కళ్లు అంటున్నట్టు వకుళకు అనిపించింది.

ఆ సాయంత్రం కొమురవ్వ కాగితం మీద వేలిముద్ర వేసింది.

"పంపుండ్రి డాక్టరమ్మా. ఎంతమంది జూస్తే అంత మంచిది. గంతమంది జూస్తుంటె యాడనో ఒక కాడ రాకపోతడా?"

వకుళ ఆమెను చూసి భయపడింది. ఆ భయం ఆమె నాడుల్లో ఎక్కడ గుర్తు వేస్తుందో ఇక ఎవరూ కొలవరు. రెండు వేల మంది పిల్లల సంగతి తలుచుకుని కాగితం మీద సంతకం పెట్టి, లయనూ దానితోపాటు పిల్లలకు చెప్పాల్సిన ఆ ఒక్క మాటనూ పంపించింది.

నెల తిరిగేసరికి పదకొండు ఊళ్లలోనూ పిల్లల చావులు ఆగిపోయాయి. ఏడాది తిరిగేసరికి ప్రతి మధ్యాహ్నం మూడూ పదికి, భూమి లోపల పన్నెండు ఊళ్లలో, రెండు వేల మంది పిల్లలు ఆడుతున్న ఆట ఆపి, తామెన్నడూ చూడని ఒక మనిషి కోసం ఇనుప గేట్ల వైపు తిరిగి నిలబడుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులు పక్కన నిలబడి, కొమురవ్వలాగే, అదే నవ్వుతో, రేపొస్తాడని చెబుతున్నారు.